గూట్లో పెట్టిన మిరప నారు

తిరుపతిలో నేను రెండేళ్ళు అద్దెకున్న ఇల్లు అలిపిరికి పోయే రోడ్డు నుంచి నాలుగు వీధులు లోపల ఉంటుంది. ఏర్పేడు పక్కన ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం చిత్తూరులో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవారు. మిగతా రోజులు ఇంట్లో నేనొక్కదాన్నే.

ఇంటివాళ్ళు పై అంతస్తులో ఉండేవారు. పెద్దాయన గుడి సేవలో పనిచేసి రిటైరైన మనిషి, తక్కువ మాట్లాడేవారు. ఆయన భార్యను నేను మామీ అని పిలిచేదాన్ని. కింద రెండు పోర్షన్లు. ఒకటి నాది. రెండోదానికి ముందు తలుపు మీద ఎప్పుడూ తాళమే. చేరిన రోజే అడిగాను.

"దాంట్లో పాత సామాన్లు ఉండాయి మా," అంది మామి. "అద్దెకు ఇయ్యము."

ఒకప్పుడు అదంతా ఒకే ఇల్లు. రెండుగా చేసినప్పుడు నా పడకగదికీ అవతలి గదికీ మధ్యనున్న కిటికీని పీకేసి, అవతలి వైపున ప్లైవుడ్ చెక్కతో మూసేశారు. నా వైపు గోడలో మూరెడు లోతు గూడు మిగిలింది. అందులో పుస్తకాలు పెట్టుకున్నాను.

మా అక్కకు కాణిపాకం దగ్గర నారు నర్సరీ ఉంది. టమోటా, వంగ, మిరప నారు పెంచి చుట్టుపక్కల రైతులకు ఇస్తుంది. మొదటి ఏడాది ధనుర్మాసంలో నేను వెళ్ళినప్పుడు ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. గుండు మిరప విత్తనాలు.

"కంపెనీవి కాదు మే. మన చెట్టువే. నేనే ఎండబెట్టి తీసినా. నువ్వు గూడా నాలుగు చెట్లు ఏసుకో," అంది.

"మేడ మీద కోతులు ఉంచవక్కా."

"మేడ మీద ఎవురు పెట్టమన్న్యారు? ఇంట్లోనే పెట్టు. నారయినాక సూద్దాం."

రెండు చిన్న ట్రేలు, ఒక సంచిలో తడిపిన కొబ్బరి పొట్టు కూడా ఇచ్చింది. ఒక్కో ట్రేలో పన్నెండు గుంతలు. గుంతకు రెండు గింజలు వెయ్యమంది, గోరంత లోతుకు మించొద్దంది. వెచ్చటి తావు చూసి పెట్టమంది. మిరప విత్తనానికి చలి పనికిరాదట.

ఒక ట్రే వంటింటి గట్టు మీద పెట్టాను. రెండోదానికి చోటు లేక, గూట్లో పుస్తకాలు దించేసి అక్కడ పెట్టాను.

ఎనిమిదో రోజు గూట్లో ట్రే మొలిచింది. కొక్కేల్లా మెడలు వంచుకుని, ఒక్కటీ తప్పకుండా లేచాయి. వంటింటి ట్రేలో పొట్టు పగలనైనా లేదు, ఆ తర్వాతా అది మొలవలేదు. అక్కకు ఫోన్ చేశాను. పడకగదిలో మంచం మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూ మాట్లాడటం నాకు అలవాటు.

"ఈ చలిలో ఎనిమిది దినాలకే మొలిచినాయా? నా నర్సరీలోనే పన్నెండు దినాలు పడతా ఉండాది. యాడ పెట్టినావు?" అని అడిగింది.

"గోడ గూట్లో."

"గోడకు ఎండ తగుల్తాదా?"

తగలదు. అది ఇంటి లోపలి గోడ. ఫోన్ పెట్టేశాక లేచి వెళ్ళి గూట్లోకి చెయ్యి చాచి చెక్క తాకి చూశాను. వెచ్చగా ఉంది. నిద్రలో ఉన్న పిల్లవాడి వీపు మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. చుట్టూ గోడ మాత్రం చల్లగా ఉంది. పాత సామాన్ల మీద పైకప్పు ఎండ దిగుతుందేమో అనుకున్నాను. పైకప్పు మీద ఇంకో అంతస్తు ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

రెండాకులు విప్పుకోగానే నారు వంగడం మొదలుపెట్టింది. మొక్క వెలుతురు వైపు వంగుతుందని ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని. నా గదికి ఒకటే కిటికీ, గూటికి ఎదురుగా. నారు దానివైపు రావాలి. అవి కిటికీకి వీపు పెట్టి చెక్క వైపు వాలాయి. ట్రేను తిప్పి పెట్టాను. రెండు రోజుల్లో అన్నీ మళ్ళీ చెక్క వైపే తిరిగాయి. అప్పుడు వంగి చూస్తే చెక్క అంచున, చట్రానికీ దానికీ మధ్య, దారమంత సన్నటి పసుపు వెలుగు కనిపించింది.

మామిని అడిగాను.

"మీ సామాన్ల గదిలో లైటు ఆర్పడం మరిచిపోయినట్టు ఉన్నారు మామీ."

ఆమె బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు. "ఎలుకలు వస్తాయని వేసి పెడతాము మా," అంది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, మూత పెట్టిన కంచం పట్టుకుని మామి ఇంటి వెనక్కి వెళ్ళడం చూశాను. కాకులకు, అంది. కంచానికి పక్కనే పెరుగు గిన్నె కూడా ఉంది.

అక్క రెండు మూడు రోజులకొకసారి ఫోన్ చేసి నారు గురించి అడిగేది. ఒకసారి, విత్తనం పొట్టు టోపీలాగా ఆకుల మీదే ఉండిపోతే ఏం చెయ్యాలో చెప్పింది.

"ఏలు తడుపుకోని, పొట్టు మింద పెట్టి కాసేపు ఉంచు. మెత్తబడతాది. అప్పుడు మెల్లిగా లాగు. పొడిగా లాగితే తల ఊడొస్తాది."

నా ట్రేలో మూడు మొలకలు అలా టోపీలతో ఉన్నాయి. ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. మరునాడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి మూడింటికీ టోపీలు లేవు. ఆకులు శుభ్రంగా విప్పుకుని ఉన్నాయి. పొట్టు ట్రేలో ఎక్కడా పడలేదు. ఎండి రాలిపోయి ఉంటుందని సమాధానం చెప్పుకున్నాను.

ఇంకోసారి నీళ్ళ సంగతి చెప్పింది. పైనుంచి పొయ్యొద్దట. ట్రే కింద పళ్ళెంలో పోస్తే అడుగునుంచి అవే తాగుతాయట. ఆ వారం స్కూల్లో పరీక్షలు. రెండు రోజులు నీళ్ళ మాటే మరిచిపోయాను. భయపడుతూ వచ్చి చూస్తే పళ్ళెం అడుగున తడి ఉంది.

తర్వాత గిల్లడం.

"గుంతకు ఒకటే ఉండాల. రెండోదాన్ని గిల్లేయ్."

"పాపం అనిపిస్తా ఉండాది అక్కా."

"రెండూ పీక్కోని రెండూ సస్తాయి. నీ ఇష్టం."

నాకు చేతులు రాలేదు. రెండు రోజులు గడిచాయి. మూడోనాడు బస్సు దిగి ఇంటికొచ్చి లైటు వేస్తే, పన్నెండు గుంతల్లోనూ ఒక్కొక్కటే నిలబడి ఉంది. గిల్లిన గుర్తు కూడా లేదు. వేళ్ళతో సహా రెండోది లేకుండా పోయింది. మిగిలినదాని చుట్టూ కొబ్బరి పొట్టు సర్ది ఉంది.

ముందు తలుపు తాళం చూశాను. వెనక తలుపు గడియ చూశాను. మంచం కింద చూశాను. అన్నీ ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు నేను వెళ్ళి గూటికి ఎదురుగా నిలబడి, నాకే తెలియకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఇదంతా చేసినవాళ్ళు ఎవరైనా అక్క మాటలు విన్నారు. అక్క మాట్లాడేది నా ఫోన్లో. ఆ ఫోన్ మోగేది ఈ గదిలో.

ఆ మంగళవారం స్థానిక సెలవు వచ్చింది. ఎప్పటిలాగే ఏడున్నరకు చీర కట్టుకుని, బ్యాగు వేసుకుని, ముందు తలుపుకు తాళం వేశాను. గేటు చప్పుడయ్యేలా వేసి, వీధి చివరిదాకా నడిచి, ఇంటి పక్క సందులోంచి వెనక తలుపుకు వచ్చాను. దాన్ని ముందే లోపల గడియ పెట్టకుండా వదిలి ఉంచాను. చెప్పులు బయటే వదిలి లోపలికి వచ్చి, మంచం అవతలి మూల నేల మీద కూర్చున్నాను.

కిటికీలోంచి ఎండ గది సగందాకా వచ్చింది. పైన మామి పూజ గంట వినిపించింది, తర్వాత కుక్కర్ కూతలు. పదకొండు దాటి ఉంటుంది, గూట్లో చెక్క ఒక పక్కకు జరిగింది. చప్పుడు లేదు. ఆ జరపడంలో ఎంతో కాలం అభ్యాసం ఉంది. పసుపు వెలుగు గీతలా ఉన్నది వెడల్పయింది. అందులోంచి ఒక చెయ్యి వచ్చింది.

మగవాడి చెయ్యి. మణికట్టు దాకా కనిపించింది. ఎండ ఎరగని తెలుపు, పాల మీద మీగడ రంగు. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. అరచేయి కిందికి వంచి, మొక్కల తలలకు తగిలీ తగలనట్టు, ఆ చివరి నుంచి ఈ చివరికి నిమిరింది. మళ్ళీ వెనక్కి. మొక్కలు వంగి లేచాయి. పది పన్నెండు సార్లు అలా చేసింది.

అది కూడా అక్క చెప్పిందే. "దినామూ ఒకతూరి అరసేత్తో పైపైన నిమురు. బయట గాలికి ఊగితే కాడ గట్టిపడతాది. ఇంట్లో గాలి లేదు గదా, నువ్వే గాలి." నేను ఒక్కరోజు కూడా చెయ్యలేదు. నా నారు కాడలు మాత్రం అగ్గిపుల్లల్లా గట్టిగా ఉండేవి.

అప్పుడు నా బ్యాగులో ఫోన్ మోగింది. అక్కకే ఒక పాట పెట్టుకున్నాను, ఆమె చేస్తే అది వస్తుంది.

చెయ్యి ఆగింది. వెనక్కి పోలేదు. మొక్కల మీద అలాగే గాలిలో నిలబడిపోయింది. నేను కదల్లేదు. ఫోన్ మోగి మోగి ఆగింది. చెయ్యి ఇంకా అక్కడే ఉంది. రెండోసారి మోగింది. అప్పటికి నాకు అర్థమయింది. నేను గదిలో ఉన్నానని అతనికి తెలిసిపోయింది. అయినా దాక్కోవడం లేదు. నేను ఫోన్ ఎత్తుతానేమో, అక్క గొంతు వస్తుందేమో అని ఎదురు చూస్తున్నాడు.

నేను ఎత్తలేదు. మోగడం ఆగాక చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. చెక్క తన చోటికి వచ్చి కూర్చుంది.

మెట్లు ఎలా ఎక్కానో గుర్తు లేదు. మామి నన్ను చూసి, ఏమీ అడక్కుండానే నేల మీద చాప పరిచింది.

"సూసినావా?" అంది.

"ఎవరు మామీ?"

"మావాడే." పెద్దాయన పేపరు చదువుతున్న గది వైపు చూసి గొంతు తగ్గించింది. "నలభై దాటినాయి. ఒక దినం ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిలో తలుపేసుకున్న్యాడు. పదకొండేండ్లాయె. ఎందుకని నన్ను అడగొద్దు మా. మాకూ తెలీదు. డాక్టర్లను పిలిపించినాము, మాట్లాడడు. మేము గూడా వెనక తలుపు దగ్గిర కంచం పెట్టి వచ్చేస్తాము. మనిషి ఎదురుగా ఉంటే తినడు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవురుంటారు? ముందున్నోళ్ళు మూడు నెలలకే పోయినారు." చాప అంచు సర్దింది. "వాడికి చలి ఎక్కువ. పాత గుండు బల్బు ఒకటి, పక్కలో పెట్టుకోని కూర్చుంటాడు. ఆ చెక్క దగ్గిరే. నీ మాటలు ఇనొస్తాయని నాకు తెలుసు. తప్పే. నిన్ను ఉండమని అడగను."

మా ఆయన ఫోన్లో ఒక్కటే మాట అన్నారు, ఇల్లు మారిపొమ్మని. మారాలనే నేనూ అనుకున్నాను. కానీ ఆ రాత్రి చేసింది మంచాన్ని ముందు గదిలోకి లాక్కోవడం, ట్రేను వంటింటి కిటికీలోకి మార్చడం, అంతే.

వంటింట్లో ఆ నారు బతకలేదని చెప్పాలి, దాదాపుగా. కిటికీ ఎదురుగా పక్కింటి గోడ. వారంలో కాడలు సన్నగా సాగిపోయాయి. నాకు గిల్టీగా అనిపించి రోజూ పోసేసిన నీళ్ళకు పొట్టు బురదైంది. ఒక పొద్దున మూడు మొక్కలు మెడ దగ్గర నల్లబడి పక్కకు పడిపోయి ఉన్నాయి. దాన్ని నారుకుళ్ళు అంటారు. ఒకదానికి పడితే ట్రే అంతా పోతుంది. మిగిలిన తొమ్మిదింటినీ చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. స్కూలుకు టైమవుతోంది. చచ్చిన మూడింటినీ పొట్టుతో సహా తీసేసి, ట్రే పట్టుకుని పడకగదిలోకి వెళ్ళి గూట్లో పెట్టాను. గోడతో మాట్లాడుతున్నట్టుంది, అయినా అన్నాను.

"ఈడ పెడతా ఉండాను."

చెక్క అవతల ఊపిరి వినిపించింది. చాలా దగ్గరగా. తర్వాత ఏళ్ళుగా వాడని గొంతు, గీసుకుపోతున్న గొంతు.

"నీళ్ళు శానా పోసినావు మే," అంది.

ఆ ఇంట్లో ఎవరూ నన్ను అలా పిలవరు. మామి "మా" అనేది. పెద్దాయన నన్ను "మీరు" అనేవారు. నన్ను "మే" అని పిలిచేది లోకంలో ఒక్క మా అక్కే. అతను అక్క మాట అక్క యాసలో, ఆమె ఆగే చోట ఆగి అన్నాడు. కొన్నాళ్ళుగా అతని చెవిన పడిన మాటలు అవే కాబట్టి, మాట్లాడాలనుకున్నప్పుడు అవే వచ్చాయేమో. అదంతా తర్వాత ఆలోచించుకున్నది. అప్పుడు మాత్రం బ్యాగు కూడా మరిచి వీధిలోకి వచ్చేశాను.

ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు. నేనే మాట్లాడేదాన్ని. చెక్కకు ఎదురుగా కాకుండా, పడకగది గుమ్మంలో కూర్చుని, అక్క చెప్పినవి పైకి చెప్పేదాన్ని. "ఆరాకులు వచ్చినాక కుండీలకు మార్చాల." "కాడ పట్టుకోకూడదు, ఆకు పట్టుకోని ఎత్తాల." ఎందుకు చేశానంటే జాలి అని చెప్పలేను. భయమూ పోలేదు. సాయంత్రం తాళం తీసేటప్పుడు ఇంట్లో ఒకరున్నారని తెలిసి తీయడం వేరుగా ఉంటుంది. కొన్ని రోజులు అది బరువుగా ఉండేది. కొన్ని రోజులు, నిజం చెప్పాలంటే, బాగుండేది. తొమ్మిది మొక్కలూ తేరుకున్నాయి.

కుండీలకు మార్చాక ఎండకు అలవాటు చెయ్యాలి. ఇంట్లో పెరిగిన నారును ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. "మొదటి దినం అరగంట. రెండో దినం గంట. వారం దినాలకు పూట. తొందరపడొద్దు," అంది అక్క. నేనూ పైకి అన్నాను. ఆదివారం కుండీలను వెనక వసారాలో, కోతులు రాకుండా ఇనుప వల చుట్టి పెట్టాను.

మరునాడు సాయంత్రం చూస్తే వల పక్కన, అవతలి పోర్షన్ వెనక తలుపు ముందు, టీ గ్లాసులు వరసగా ఉన్నాయి. పన్నెండు. ఒక్కో దాంట్లో ఒక్కో మిరప మొక్క. నేను గిల్లలేకపోయినవి. అతను వాటిని పారెయ్యలేదు. ఆ గ్లాసులు అక్కడికి రావాలంటే అతను గడప దాటి రావాలి.

మామి మెట్ల మీద కూర్చుని వాటినే చూస్తోంది. "అరగంట పెట్టినాడు," అంది. "తీసి లోపల పెట్టుకున్న్యాడు. మళ్ళా ఇప్పుడు నీకు కనపడాలని పెట్టినట్టుండాడు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు. చూపు మాత్రం ఆ గ్లాసుల మీద నుంచి తీయలేదు.

రెండో ఏడాది చివర నాకు చిత్తూరు పక్కకు బదిలీ అయింది. సామాన్లు సర్దుకుని వచ్చేశాను. ఆ తర్వాతి వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతి వచ్చి, ఒక పొద్దున మామిని చూడ్డానికి వెళ్ళాను. నా పోర్షన్‌లో కొత్తవాళ్ళెవరూ లేరు. మామి నన్ను నేరుగా వెనక్కి తీసుకుపోయింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది.

"పొద్దున ఐదుకు లేచి అలిపిరి దాకా నడుస్తా ఉండాడు. తొమ్మిదికంతా వస్తాడు. జనం మధ్యలో తల వంచుకోనే పోతాడంట, అయినా పోతాడు," అంది.

గది చిన్నది. మడత మంచం, ఒక స్టూలు, గోడకు చెక్క. స్టూలు మీద లావాటి నోటుబుక్కు.

"నువ్వు సూడు మా. నాకు కండ్లు ఆనవు. మొక్కల గురించి రాసుకున్న్యాడంట."

తెరిచాను. ముత్యాల్లాంటి అక్షరాలు. మొక్కల గురించే మొదలైంది. మూడో గుంత టోపీ తీశాను. ఏడో గుంత నాలుగాకులు. కాడలు గట్టిపడ్డాయి. పేజీ తిప్పాను. ఏడూ ఇరవైకి టీచరమ్మ వెళ్ళింది, తాళం రెండుసార్లు లాగి చూసింది. ఈరోజు టీచరమ్మ అన్నం వండలేదు. ఈరోజు దగ్గుతోంది. అక్కగారు ఐదు రోజులుగా ఫోన్ చెయ్యలేదు. ఇంకో పేజీ. టీచరమ్మ ఏడ్చింది. చాలాసేపు. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నేనూ లైటు ఆర్పేశాను.

ఆ రోజు నాకు గుర్తుంది. ఆ ఏడుపు సంగతి మా ఆయనకు కూడా తెలియదు. ఎవరూ చూడలేదనుకున్న నా రెండేళ్ళు అక్కడ, వరసగా, దయగా రాసి ఉన్నాయి. దయ ఉండటం వల్ల చదవడం ఇంకా కష్టమైంది. నోటుబుక్కు మూసి, ఎలా ఉన్నది అలా పెట్టాను.

"మొక్కల గురించే మామీ," అన్నాను.

గేటు చప్పుడైంది. అడుగులు సందులోకి వచ్చి, మధ్యలో ఆగాయి. వెనక గుమ్మం ముందు నా చెప్పులు కనిపించి ఉంటాయి. మామి నా వైపు చూసింది, నేను ఏం చేస్తానోనని. నేను గది బయటికి వచ్చి, చెప్పులు వేసుకోకుండా చేతిలో పట్టుకుని, మామి వెంట వెనక మెట్ల మీదుగా పైకి వెళ్ళిపోయాను. కింద అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం, కాఫీ తాగినంతసేపు విన్నా, రాలేదు.